హోగా సర్వీస్ రిజిస్టరు

అందరికీ నమస్కారం అండి. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే. నాకు మైకులో మాట్లాడడం అలవాటు లేదు, ముప్పై ఏళ్ళు ఇంజన్ రూమ్ పక్కన అరిచి అరిచి బతికినవాణ్ణి, గొంతు పెరిగిందంటే ఏమీ అనుకోకండి.

డిసెంబర్ వచ్చిందంటే మన వైజాగ్‌లో నేవీ డే గోల. బీచ్ రోడ్ నిండా జనం, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని షిప్పులు చూపించడం, ఇదిగో ఇది డిస్ట్రాయర్, అదిగో హెలికాప్టర్ అని. చూపించాలి, మంచిదే. కానీ ఎవరైనా ఆ షిప్పుల పక్కన చిన్నగా, కింద నల్లగా, చుట్టూ టైర్లు కట్టుకుని తిరిగే బోటుని చూపించి ఇది టగ్గురా అన్నారా? అనరు. నేను పోర్టులో ఖలాసీగా చేరి టగ్గు మీదే రిటైర్ అయ్యాను కాబట్టి నాకు ఆ ఉక్రోషం ఉంది, ముందే ఒప్పుకుంటున్నా. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ముందు మనందరం ఫోటోలు దిగాం, దాన్ని అన్నేళ్ళూ హార్బర్‌లో అటూ ఇటూ తిప్పి జెట్టీకి కట్టించిన టగ్గు ఏదని అడిగినవాడు ఒక్కడు లేడు.

అందుకే ఈ రోజు ఒక టగ్గు సర్వీస్ రిజిస్టరు చదివి వినిపిద్దామని వచ్చాను. గవర్నమెంట్ ఉద్యోగం చేసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, ఎస్సార్ అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. జాయినింగ్ తేదీ, ట్రాన్స్‌ఫర్లు, డిప్యుటేషను, ఎప్పుడో ఒక కమెండేషను, చివర్లో పెన్షన్ కాగితాలు. ఈ టగ్గుకి ఇవన్నీ ఉన్నాయి. ఇది మనది కాదు, అమెరికా వాళ్ళ నేవీది. పేరు హోగా.

హోగా అంటే ఏంటంటే, అక్కడి సూ తెగ వాళ్ళ భాషలో చేప అని. అమెరికా నేవీ వాళ్ళకి యార్డ్ టగ్గులకి అక్కడి ఆదివాసీ భాషల్లోంచి పేర్లు పెట్టే అలవాటు ఉండేది. బ్యాటిల్‌షిప్పులకేమో రాష్ట్రాల పేర్లు, అరిజోనా, నెవాడా, టెనెసీ ఇలా. మన లెక్కలో పెద్దకొడుక్కి తాతగారి పేరు పెట్టి చిన్నోణ్ణి చంటీ అని పిల్చినట్టు.

పుట్టింది న్యూయార్క్‌లో, బ్రాంక్స్ అనే చోట మోరిస్ హైట్స్‌లో, కన్సాలిడేటెడ్ షిప్‌బిల్డింగ్ అనే యార్డులో. 1940 డిసెంబర్ 31న నీళ్ళలోకి దింపారు, 1941 మే నెలలో నేవీ డ్యూటీలో చేరింది. పొడవు 100 అడుగులు, వెడల్పు 25. అంటే ఈ హాలు, బయట సైకిల్ స్టాండ్ కలిపితే వస్తుందేమో. నంబరు వైటీ-146. వైటీ అంటే యార్డ్ టగ్గు, అంతే. ఇంకో ముచ్చట చెప్తా, చాలామంది దీన్ని యూఎస్ఎస్ హోగా అని రాస్తారు గానీ రూలు ప్రకారం ఆ మూడక్షరాలు కమిషన్ చేసిన షిప్పులకే. యార్డు బోట్లని కమిషన్ చెయ్యరు, ఇన్ సర్వీస్ అని రాసి వదిలేస్తారు. గెజిటెడ్ కాదన్నమాట! దాని మీద ఉండేది ఆఫీసర్ కూడా కాదు, చీఫ్ బోసన్స్ మేట్, అంటే మన సరంగు లాంటి మనిషి. హోగాకి అప్పటి పెద్ద జో మెక్‌మానస్ అనే ఆయన. కింద పది మంది చిల్లర సిబ్బంది.

దీంట్లో డీజిల్ ఇంజన్ నేరుగా ప్రొపెల్లర్‌ని తిప్పదు. డీజిల్ జనరేటర్‌ని తిప్పుతుంది, కరెంటు మోటార్‌కి పోతుంది, మోటార్ ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. వాల్తేరు డీజిల్ షెడ్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడు నవ్వుకుంటూ ఉంటారు, రైలింజనూ అదే పద్ధతి కాబట్టి. ఎందుకింత తిరుగుడు అంటే, టగ్గుకి స్పీడ్‌తో పని లేదండి, నెమ్మదిగా ఉన్నప్పుడు బలం కావాలి, ముందుకి వెళ్తున్నది క్షణంలో వెనక్కి తిరగాలి. పెద్ద షిప్పుకి ఇది చేతకాదు. షిప్పు చుక్కాని పనిచెయ్యాలంటే దాని మీద నీళ్ళు గట్టిగా పారాలి, నీళ్ళు పారాలంటే స్పీడ్ కావాలి, హార్బర్ లోపల స్పీడ్‌గా పోతే జెట్టీకి గుద్దుకుంటుంది. అందుకని ఎంత పెద్ద యుద్ధనౌకైనా గుమ్మం దగ్గరికొచ్చేసరికి ముసలాయనే, ఇద్దరు పక్కన చెయ్యి పట్టుకోవాలి. మన యారాడ కొండ పక్కనుంచి ఇన్నర్ హార్బర్‌లోకి ఎంట్రన్స్ ఛానెల్ ఎంత ఇరుకో మీకు తెలుసు కదా, అక్కడ ఓడ కాస్త అడ్డం తిరిగిందనుకోండి, లోపలున్నవి లోపలే, బయటున్నవి బయటే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

సరే, మొదటి పోస్టింగ్. పనామా కాలువ దాటి, కాలిఫోర్నియా మీదుగా హవాయి దీవుల్లో పర్ల్ హార్బర్‌కి. 1941లోనే. అక్కడ రోజూ పని ఏంటంటే ఏ హార్బర్‌లో అయినా టగ్గు పనే, షిప్పుల్ని జెట్టీకి నెట్టడం, లాగడం, బార్జీలు తిప్పడం. చెప్పుకోడానికి ఏమీ ఉండదు. మా ఆవిడ రోజూ సాయంత్రం అడిగేది, ఇవాళేం చేశారూ అని, నెట్టాం అనేవాణ్ణి, మర్నాడు అడిగితే లాగాం అనేవాణ్ణి, కొన్నాళ్ళకి అడగడం మానేసింది.

1941 డిసెంబర్ 7, ఆదివారం. పొద్దున్న ఎనిమిదికి కాస్త ముందు జపాన్ విమానాలు వచ్చాయి, మొదటి విడత 183, తర్వాత ఇంకో విడత. హార్బర్‌లో ఎనిమిది బ్యాటిల్‌షిప్పులు ఉన్నాయి, ఒకటి రిపేర్ డాక్‌లో, మిగతా ఏడు ఫోర్డ్ ఐలాండ్ పక్కన వరసగా, కొన్ని జంటలుగా కట్టి. హోగా అప్పుడు యార్డు బోట్లన్నిటితో కలిసి టెన్ టెన్ డాక్ దగ్గర ఉంది. పొడవు 1,010 అడుగులు కాబట్టి ఆ డాక్‌కి ఆ పేరు, పేరు పెట్టినోడికి ఊహాశక్తి తక్కువ, మనలాంటివాడే ఎవడో. దాడి మొదలైన కొన్ని నిమిషాల్లోనే హోగా తాళ్ళు విప్పుకుని బయల్దేరింది. ముందు నీళ్ళలో ఉన్న ఇద్దర్ని పైకి లాగారు.

ఎనిమిది దాటిన కాసేపటికే అరిజోనా ముందుభాగంలో మందుగుండు సామాను గది మీద బాంబు పడి పేలింది. ఆ ఒక్క షిప్పులోనే 1,177 మంది పోయారు. దాని పక్కనే ఆనించి కట్టి ఉన్నది వెస్టల్ అని రిపేర్ షిప్పు. పేలుడు గాలికి వెస్టల్ కెప్టెన్ కాసిన్ యంగ్ నీళ్ళలో ఎగిరిపడ్డాడు. ఆ లోపు షిప్పు వదిలెయ్యండని ఎవరో అన్నారు, జనం దిగిపోతున్నారు, ఈయన నూనె నీళ్ళలో ఈదుకుంటూ వచ్చి పైకెక్కి, ఎక్కడికిరా పోతున్నారు అన్నట్టు అందర్నీ వెనక్కి పిలిచాడు. వెస్టల్‌కి తాళ్ళు తెంపారు గానీ పక్కన అరిజోనా కాలుతోంది, నీళ్ళ మీద ఆయిల్ మండుతోంది, తనంతట తను పక్కకి రావాలంటే అవ్వట్లేదు. అప్పుడు వచ్చింది హోగా, లైను అందుకుని వెస్టల్‌ని ఆ మంట పక్కనుంచి బయటికి లాగింది. కెప్టెన్ యంగ్‌కి తర్వాత మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, ఇవ్వాల్సిందే, న్యాయం. నేనడిగేది ఆ లైను పట్టుకున్న ఖలాసీ గురించి.

లైను అంటే ఏదో తాడు అనుకోకండి. ముందు హీవింగ్ లైన్ విసరాలి, సన్న తాడు, చివర్న బరువు, దాన్ని అవతలి డెక్ మీద వాళ్ళు పట్టుకుని లాగితే దాని వెనకాల తొడ లావు అసలు తాడు పోతుంది. మామూలు రోజున, ఎండలో, తీరిగ్గా, రెండోసారికో మూడోసారికో అందుతుంది. తాడు బిగిసి తెగిందంటే కొరడా వెనక్కొచ్చినట్టు వస్తుంది, కాళ్ళు పోయినవాళ్ళు ఉన్నారు, నా ముందే ఒకసారి తెగి మా కేబిన్ తలుపు వంగిపోయింది, అక్కడ అర నిమిషం ముందు నేను నుంచుని బీడీ కాలుస్తున్నా. అలాంటి పని వాళ్ళు నెత్తి మీద విమానాలు తిరుగుతుంటే చేశారు. నాకు ఆ పేజీ చదివినప్పుడల్లా అరచేతులు చెమట పడతాయి, నిజం చెప్తున్నా.

తర్వాత నెవాడా. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త టైమ్ తీసుకుంటా. 580 అడుగుల పై చిలుకు పొడవున్న షిప్పు. మామూలుగా ఇంత షిప్పు కదలాలంటే స్టీమ్ ఎక్కడానికి రెండు గంటలు, పక్కన నాలుగు టగ్గులు ఉండాలి. ఆ రోజు ముప్పావుగంటలో, ఒక్క టగ్గు లేకుండా కదిలింది. ఎడ్విన్ హిల్ అని చీఫ్ బోసన్, ఆయన కట్టు దగ్గరికి వెళ్ళి తాళ్ళు విప్పేసి, షిప్పు కదిలిపోతుంటే మళ్ళీ నీళ్ళలో దూకి ఈది వెనక్కెక్కాడు. తర్వాత బాంబులకి పోయాడు పాపం. ఆ రోజు దారిలో పడి కదిలిన బ్యాటిల్‌షిప్పు ఇదొక్కటే, కదిలింది కాబట్టే రెండో విడత విమానాలు చాలా దీని మీద పడ్డాయి. అప్పటికే ఒక టార్పెడో తిని ఉంది, ఇప్పుడు బాంబులు, ముందు భాగం అంతా మంట, నీళ్ళు ఎక్కుతున్నాయి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఛానెల్ ముక్క. ఇప్పుడు నెవాడా సరిగ్గా ఆ ఇరుకు దారి దగ్గర మునిగిందనుకోండి, పర్ల్ హార్బర్ సీసాకి బిరడా పెట్టినట్టే. అందుకని బయటికి పోవద్దు అని సిగ్నల్ ఇచ్చారు, వాళ్ళు హాస్పిటల్ పాయింట్ అనే చోట ఒడ్డుకి ఎక్కించారు. కానీ అక్కడ కూడా షిప్పు వెనకభాగం నీటి వాటానికి తిరగడం మొదలెట్టింది, అంటే మళ్ళీ దారికి అడ్డం వచ్చే ప్రమాదమే. ఈలోపు హోగా ఏదో సాయానికి ఇంకో షిప్పు దగ్గరికి పోయింది, దాన్ని వదిలి ఇటు రమ్మన్నారు. ఇంకో టగ్గు కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి నెవాడాని ఆ ఒడ్డు నుంచి విడిపించి, ఛానెల్‌కి అవతలి పక్క వాయిపియో వైపు తీసుకెళ్ళి వెనకభాగాన్ని గట్టుకి కూర్చోబెట్టారు. 325 టన్నుల బోటు, సుమారు 30,000 టన్నుల షిప్పుని! లాగడమే కాదు, ముందుభాగానికి ముక్కు ఆనించి పైపులతో నీళ్ళు కొట్టి మంట ఆర్పుతూ. చీమ బెల్లం ముక్కని ఈడ్చడం చూశారుగా, అలాగ, అయితే ఇక్కడ బెల్లం కాలిపోతోంది.

దారి తెరిచే ఉంది. ఆ సాయంత్రానికీ మర్నాటికీ షిప్పులు రావడం పోవడం జరిగింది. నన్నడిగితే ఆ రోజు అమెరికా వాళ్ళకి జరిగిన కాస్త మంచిలో ఇది పెద్దది, కానీ జరగనిది కదా, ఛానెల్ మూసుకుపోలేదు అనేదాన్ని ఎవడు పండగ చేసుకుంటాడు.

అక్కణ్ణుంచి బ్యాటిల్‌షిప్పుల వరసకి. మేరీలాండ్, టెనెసీ, చివరికి అరిజోనా. నీళ్ళ మీద మండే ఆయిల్ చాలా కుళ్ళు మంట, నీళ్ళు కొడితే ఆరదు, పక్కకి జరుగుతుంది, జరిగినచోట ఇంకోటి అంటుకుంటుంది. ఆర్పడం కాదు, తోలడం, పొలంలో పడ్డ పశువుల్ని తోలినట్టు. టెనెసీ వాళ్ళు కట్టేసి ఉన్న షిప్పుకే ప్రొపెల్లర్లు తిప్పి ఆ నీటి తోపుడుతో మంటని వెనక్కి నెట్టారు. హోగా ఆదివారం మొదలెట్టింది మంగళవారం దాకా అరిజోనా దగ్గరే ఉంది. మూడు రోజులు. ఇంజన్ ఆపలేదు. మంట మీద కొట్టే నీళ్ళు ఎక్కడివి, ఆ హార్బర్‌వే, పైన ఆయిల్ తేలే నీళ్ళు, ఇంజన్ చల్లబడ్డానికి పీల్చుకునేదీ అవే నీళ్ళు. ఇంజన్ డ్రైవర్‌గా నాకు ముందు తట్టేది ఇదే, ఆ ఫిల్టర్లు ఎవడు కడిగాడ్రా బాబూ అని.

కమెండేషన్ వచ్చింది, 1942 ఫిబ్రవరిలో, సాక్షాత్తూ పసిఫిక్ ఫ్లీట్ మొత్తానికి పెద్ద అడ్మిరల్ నిమిట్జ్ దగ్గర్నుంచి. ఎస్సార్‌లో ఎర్ర సిరాతో రాసుకోవాల్సిన ఎంట్రీ. ఆ కాగితం వచ్చాక టగ్గు ఏం చేసింది? నెట్టింది, లాగింది. మునిగినవాటిని తేల్చే పనిలో, రిపేర్ల పనిలో యుద్ధం అయ్యేదాకా అక్కడే. 1944లో నంబరు ముందు అక్షరాలు మార్చి వైటీబీ చేశారు, బీ అంటే బిగ్, పెద్ద టగ్గు. తర్వాతెప్పుడో ఇంకా పెద్దవి వచ్చాక దీన్ని మళ్ళీ మీడియం చేసేశారు. ప్రమోషనూ రివర్షనూ రెండూ చూసిందన్నమాట.

ఇక్కడి వరకూ కథ ఎక్కడైనా దొరుకుతుంది. నాకు అసలు సంగతి 1948 నుంచి. ఆ ఏడు మే నెలలో హోగాని కాలిఫోర్నియాలో ఓక్‌లాండ్ పోర్టుకి ఫైర్‌బోటుగా అప్పిచ్చారు. అమ్మలేదు సుమా, అప్పు. అంటే డిప్యుటేషన్. పేరు మార్చి పోర్ట్ ఆఫ్ ఓక్‌లాండ్ అన్నారు, తర్వాత సిటీ ఆఫ్ ఓక్‌లాండ్. పంపులు బిగించారు, నిమిషానికి 10,000 గ్యాలన్ల నీళ్ళు కొట్టేలాగ. మన లెక్కలో దగ్గర దగ్గర 38,000 లీటర్లు, ఎండాకాలం మన వీధుల్లోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడున్నర, ఒక్క నిమిషంలో ఖాళీ.

అదే ఏడు, 1948 జూలైలో, నెవాడా సంగతి వినండి. అది బాగుచేసుకుని నార్మండీ యుద్ధానికి వెళ్ళింది, ఇవో జిమా, ఒకినావా యుద్ధాలన్నీ చూసింది, గొప్ప షిప్పు. యుద్ధం అయ్యాక ముసలిదైపోయిందని బికినీ దీవుల్లో ఆటంబాంబు పరీక్షలకి టార్గెట్‌గా పెట్టారు, రెండు బాంబులకీ మునగలేదు. చివరికి హవాయి దగ్గర సముద్రంలోకి తీసుకెళ్ళి వాళ్ళ ఫిరంగులతో, టార్పెడోతో వాళ్ళే ముంచేశారు. హోగా అంత కష్టపడి ఒడ్డుకి చేర్చిన షిప్పు అండి. ఆ కబురు ఓక్‌లాండ్‌లో బోటుకి తెలిసే అవకాశం లేదనుకోండి, ఇనుముకి ఏం తెలుస్తుంది, కానీ నాకు ఆ రెండు తేదీలు పక్కపక్కన చూస్తే ఏదోలా ఉంటుంది.

పెద్ద షిప్పుకి యుద్ధం లేకపోతే పని లేదు, పని లేకపోతే తిండి దండగ. టగ్గుకి పని లేకపోవడం అంటూ ఉండదు. ఓక్‌లాండ్‌లో 46 ఏళ్ళు చేసింది, 1994 దాకా. నేవీలో యుద్ధమూ శాంతీ కలిపి చేసింది ఏడేళ్ళు. ఓక్‌లాండ్‌లో పనేమో, జెట్టీ మీద గోడౌన్ కాలితే, షిప్పులో సరుకు అంటుకుంటే, పడవలో నీళ్ళెక్కితే. అందుకే బతికింది. చరిత్ర ఉందని ఎవరూ దాచలేదు, పనికొస్తోందని ఎవరూ పారెయ్యలేదు. 1980లో ప్రెసిడెంట్ కార్టర్‌ని కూడా ఎక్కించుకుని హార్బర్ చూపించింది, ఆయన స్వయంగా నేవీలో సబ్‌మెరైన్ల మీద చేసినాయనే కాబట్టి ఇంజన్ చప్పుడుకి మొహం చిట్లించి ఉండడు. 1989లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ అని ప్రకటించారు. గమనించారా, అప్పటికి ఇంకా డ్యూటీలోనే ఉంది. సన్మానం పొద్దున్న, ఫైర్ కాల్ సాయంత్రం.

1994లో డిప్యుటేషన్ ముగిసి మాతృసంస్థకి వచ్చింది. వాళ్ళేం చేస్తారు, సుయిసన్ బే అని పాత షిప్పుల్ని వరసగా కట్టేసి పెట్టే చోట ఉంది, అక్కడ పడేశారు. 1996లో నేవీ జాబితాలోంచి పేరు కొట్టేశారు. 2005లో ఆర్కన్సా రాష్ట్రంలో నార్త్ లిటిల్ రాక్ ఊరి మ్యూజియానికి ఇచ్చారు, కాగితం మీద. బోటు అక్కడికి చేరింది 2015 నవంబర్‌లో. పదేళ్ళు! నా పెన్షన్ ఫైలు పద్నాలుగు నెలలు తిరిగిందని నేను ఊరంతా చెప్పుకున్నాను, అది చదివాక సిగ్గేసి నోరు మూసుకున్నా.

మా అమ్మాయి వాళ్ళు బెంటన్‌విల్‌లో ఉంటారు, అక్కడ మన తెలుగువాళ్ళు బోలెడుమంది, వాల్‌మార్ట్ ఆఫీసు పుణ్యం. అక్కణ్ణుంచి కార్లో మూడున్నర గంటలు. అల్లుడుగారు ఎక్కడికి వెళ్దాం మావయ్యా అంటే అందరూ నయాగరా అంటారుట, నేను టగ్గు దగ్గరికి అన్నాను. పాపం తీసుకెళ్ళారు. సముద్రానికి వందల మైళ్ళ లోపల ఆర్కన్సా నది, ఒడ్డున ఉందండి హోగా. పక్కనే రేజర్‌బ్యాక్ అని సబ్‌మెరైన్, 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగిపోతూ సంతకాలు పెట్టిన రోజు టోక్యో బేలో ఉన్నది. ఆ తర్వాత టర్కీ నేవీలో ముప్పై ఏళ్ళు చేసి వెనక్కొచ్చింది, దానిదీ డిప్యుటేషన్ బతుకే. వాళ్ళ యుద్ధం మొదలైన రోజుని చూసిందొకటి, అయిపోయిన రోజుని చూసిందొకటి, ఒకే రేవులో. మంచినీళ్ళు కాబట్టి తుప్పు కూడా నెమ్మదిగా పడుతుంది, మన ఉప్పుగాలికి రెండేళ్ళలో రైలింగ్ పోయేదానికి అక్కడ ఇంకా గట్టిగానే ఉంది.

జనం సబ్‌మెరైన్ దగ్గరే ఉన్నారు, మామూలే. నేను టగ్గు ముక్కు దగ్గరే చాలాసేపు నుంచున్నాను. అక్కడ ఫెండర్ ఉంటుంది చూశారా, షిప్పుకి ఆనించే చోటు, అదొక్కటే నేను చూడాలనుకున్నది. మిగతాదంతా ఫైర్‌బోటు చేసినప్పుడు మార్పులు చేశారు, రంగులు మారాయి, పంపులు మారాయి, ముక్కు ఆకారం మాత్రం అదే. నెవాడాకి ఆనింది అదే కదా అని. మా మనవడు తాతా ఐస్‌క్రీమ్ అంటున్నాడు, ఉండరా అన్నాను, రెండుసార్లు.

టైమ్ అయిపోయిందని సెక్రటరీగారు చెయ్యి చూపిస్తున్నారు, అయిపోయిందండి, ఇంకొక్క మాట. ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి, టీ దగ్గర చూపిస్తా. ఫెండర్ ఫోటో ఒక్కటే సరిగ్గా వచ్చింది, మిగతా వాటిల్లో సగం మా వాడి వేలు, ఐస్‌క్రీమ్.